చిలుం పట్టిన గోల్డ్ గిటార్: ఒక రీఫినిష్ కేస్ స్టడీ

అనంతపురంలో ఒక చర్చి క్వయర్ వారం వారం వాడే డ్రెడ్‌నాట్ (పెద్ద పొట్ట రకం) అకౌస్టిక్ గిటార్ ఇది. టాప్, అంటే ముందు పలక, సాలిడ్ స్ప్రూస్ చెక్క; వెనక పలకా పక్కలూ మహాగని ప్లై. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిగనిగలాడే పాలీ ఫినిష్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పూత) గీతలు పడి పాతబడితే, క్రిస్మస్ ముందు టాప్ మీద బంగారు రంగు వేయించారు. ఫొటో ఫ్రేములకీ, గేటు పువ్వులకీ, విగ్రహాల కిరీటాలకీ వాడే గోల్డ్ పౌడర్‌ని వార్నిష్‌లో కలిపి, బ్రష్షుతో రెండు మూడు చేతులు పూశారు. మరుసటి ఎండాకాలం దాటేసరికి ఫిర్యాదులు రెండయ్యాయి. ఒకటి, బంగారం ఆకుపచ్చగా తిరిగింది. రెండు, గిటార్ గొంతు పూడుకుపోయింది. గిటార్‌ని రీఫినిష్‌కి, అంటే పాత రంగు తీసి కొత్తది వేయడానికి, తెచ్చారు. రెండు ఫిర్యాదులకీ కారణాలు వేరు. రంగు మార్చినంత మాత్రాన రెండోది పోదు.

మచ్చలు ఎక్కడున్నాయో చూస్తే

ఆకుపచ్చ టాప్ అంతా లేదు. ముంజేయి ఆనే అంచున ఒక పట్టీలా, తీగలు బిగించే బ్రిడ్జి వెనక అరచేయి మోపే చోట, పిక్ రాసుకునే సౌండ్‌హోల్ కింద మాత్రమే ఉంది. మిగతా భాగం కాస్త గోధుమ రంగుకి తిరిగి మసకబారింది. పిక్ గీతలు పడకుండా అంటించే పిక్‌గార్డ్ ఊడదీస్తే దాని కింది బంగారం నిన్న వేసినట్టే ఉంది. పౌడర్ నాసిరకమై ఉంటే అక్కడా చెడేది. అంటే చెమటా గాలీ నేరుగా లోహానికి తగిలిన చోటే పాడైంది.

గోల్డ్ పౌడర్ పేరుతో కొట్లో దొరికేది ఇత్తడి పొడి: రాగి, జింకుల మిశ్రమం. రాగి 90 శాతం దరిదాపుల్లో ఉంటే ఎరుపు ఛాయ వస్తుంది, 70 దగ్గరికి దిగితే పసుపు పెరుగుతుంది. షేడ్ ఏదైనా చెమటలోని ఉప్పూ ఆమ్లాలూ రాగికి తగిలాయంటే పుట్టేది చిలుమే. తోమకుండా మూలన పడేసిన ఇత్తడి చెంబుకి పట్టేదీ అదే. పైన గట్టి క్లియర్ (రంగులేని పారదర్శక పూత) ఉంటే ఆలస్యమయ్యేది. ఇక్కడ పొడి కలిసిన వార్నిషే ఆఖరి పొర, అందులో సగం రేకులు పైకి తేలి ఉన్నాయి.

1952లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్ గోల్డ్‌టాప్‌లోనూ ఇలాంటి పొడే ఉంది, కాకపోతే నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో కలిపారు. ఆ పాత గిటార్ల మీద చేయి ఆనే చోట ఆకుపచ్చ తేలడం మామూలే, సేకరించేవాళ్లకి అది ముచ్చట కూడా. కానీ ఆ గిటార్‌లో గోల్డ్ కింద ఉన్నది లావాటి మహాగని దిమ్మె మీద అతికించిన మేపుల్, శబ్దం తీసేది తీగల కింద ఉండే పికప్ అనే అయస్కాంత పరికరం. రంగు ఎంత మందం వేసినా చెల్లిపోతుంది. అకౌస్టిక్‌లో టాపే స్పీకర్. ఎలక్ట్రిక్ గిటార్ ఫొటో చూపించి "ఇలా కావాలి" అనేవాళ్లకి ముందు ఈ తేడా చెప్పాలి.

చెక్క బరువులో సగం పెయింటు

పిక్‌గార్డ్ స్క్రూల్లేని రకం, జిగురుతో అంటించింది. ఊడదీసేటప్పుడు దాంతోపాటు చిన్న పెచ్చు లేచింది. స్క్రూగేజ్‌లో పెడితే 0.45 మి.మీ. లెన్సులో అంచు చూస్తే కింద అద్దంలాంటి పొర 0.25, అది ఫ్యాక్టరీ పాలీ. పైన మెరుపు పొడి కలిసిన వార్నిష్ 0.2.

డ్రెడ్‌నాట్ టాప్‌లో సౌండ్‌హోల్, బ్రిడ్జి, ఫ్రెట్‌బోర్డ్ తోక తీసేస్తే రంగు పడే వైశాల్యం సుమారు 1300 చదరపు సెంటీమీటర్లు. 0.45 మి.మీ. మందమంటే 58 ఘన సెంటీమీటర్ల పైచిలుకు. పాలీ సాంద్రత 1.15 దాకా ఉంటుంది, ఇత్తడి కలిసిన వార్నిష్ ఇంకా ఎక్కువ. మొత్తం 70 గ్రాములు దాటుతుంది. అదే వైశాల్యంలో 2.8 మి.మీ. స్ప్రూస్ చెక్క 150 గ్రాములే. చెక్క బరువులో దాదాపు సగం పెయింటన్నమాట. తీగలు ఊపాల్సిన పలక మీద ఇంత మోపు పెడితే గొంతు మూసుకుపోక ఏమవుతుంది?

అందుకే లక్ష్యం ముందే అంకెల్లో పెట్టుకోవాలి. పని అయ్యాక టాప్ మీద అన్నీ కలిపి 0.15 మి.మీ., అంటే 150 మైక్రాన్లు మించకూడదు. పంపకం ఇలా: మిగిల్చే ఫ్యాక్టరీ పాలీ 60, అడుగు రంగు 10 నుంచి 15, గోల్డ్ 15 నుంచి 20, పాలిష్ అయ్యాక మిగిలే క్లియర్ 55. బరువు 23 గ్రాముల చుట్టూ ఉంటుంది. వెనక పలకా పక్కలూ కూడా గోల్డ్ చేయమని అడిగారు. అవి ప్లై, ఫినిష్ బాగుంది, ముట్టుకోలేదు. గోల్డ్ టాప్‌కి మహాగని పక్కలు కనిపిస్తేనే అందమని మా అభిప్రాయం.

ఫ్యాక్టరీ పాలీని పూర్తిగా తీసేయకపోవడం కావాలనే. చెక్క దాకా వెళ్తే గీకుడులో చెక్కా పోతుంది, మళ్లీ చెక్క రంధ్రాలు మూసే సీలర్ వేయాలి. మిగిల్చిన 60 మైక్రాన్లే సీలర్ పని చేస్తాయి.

రంగు తీయడం

హీట్‌గన్ పెడితే పాలీ అప్పడంలా లేస్తుంది, చూడ్డానికి సులువు. కానీ బ్రిడ్జినీ లోపలి ఆధారపు పట్టీల్నీ (బ్రేసుల్నీ) పట్టుకున్న చెక్క జిగురు 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో మరిచిన గిటార్‌కి బ్రిడ్జి లేచేదీ ఇందుకే. పెయింట్ రిమూవర్ అసలే వద్దు, అంచు చుట్టూ ఉన్న బైండింగ్ ప్లాస్టిక్‌నీ సౌండ్‌హోల్ చుట్టూ ఉన్న రోజెట్ అలంకారాన్నీ కరిగించేస్తుంది. మిగిలింది కార్డ్ స్క్రేపర్ అనే పలచని గీకుడు రేకు. అంచు సరిగా మడతపెట్టిన స్క్రేపర్‌తో వార్నిష్ పొర చుట్టలు చుట్టలుగా వస్తుంది. దుమ్ముగా వస్తోందంటే స్క్రేపర్ మొద్దుబారిందని అర్థం.

వార్నిష్ పోయాక 320 నంబర్ శాండ్‌పేపర్‌తో, గట్టి కార్క్ దిమ్మె మీద, పొడిగానే పాలీని పలచన చేయాలి. ఎంత దిగామో తెలిసేది ఎలా? చెక్క మీద పొరని కొలిచే మీటర్ ఖరీదైనది. 1 గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా చాలు. ఈ వైశాల్యంలో 1 గ్రాము పాలీ అంటే ఇంచుమించు 7 మైక్రాన్లు. 250 నుంచి 60కి రావాలంటే 28 గ్రాములు దిగాలి. ఇందులో ఒక మెలిక ఉంది. గిటార్‌లో కిలోకి పైగా చెక్క ఉంటుంది, దాని తేమ ఒక్క శాతం మారినా బరువు 10 గ్రాములకి పైగా మారుతుంది. నిన్నటి తూకంతో ఇవాళ్టిది పోల్చడం దండగ. ఒకే పూట, పేపర్ పట్టే ముందూ పట్టాక వెంటనే తూచి, ఆ తేడాల్నే కూడుకుంటూ పోవాలి. నీళ్ల పేపర్ వాడితే ఈ లెక్క మొత్తం పోతుంది.

అంచుల్లో చేయి తేలిక పడాలి. బైండింగ్ పక్కన ఒక వేలెడు వెడల్పులో పాలీ ఎప్పుడూ ముందే అయిపోతుంది. పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, గీత పోగానే చేయి ఆపడం మంచిది. గుంటలకి లప్పం పెట్టి, ప్రైమర్ సర్ఫేసర్ కొట్టి చదును చేద్దామని కారు పెయింటర్లకి చేయి లాగుతుంది. అలవాటు అది. డోర్ మీద సరే, గిటార్ టాప్ మీద ఆ ఒక్క సర్ఫేసరే 100 మైక్రాన్లు తినేస్తుంది. లోతైన గీత ఉంటే సూపర్ గ్లూ చుక్క వేసి, బ్లేడుతో సమం చేస్తే సరి.

ముడత పడిన చోటు

వేసిన వార్నిష్ మామూలు నూనె జాతి వార్నిష్. అది ఎండినట్టున్నా కారు బేస్‌కోట్ (క్లియర్ కింద పడే రంగు పొర) థిన్నర్ తగిలితే ఉబ్బి ముడత పడుతుంది. అందుకే గీకాక దూదిని థిన్నర్‌లో ముంచి, అక్కడక్కడా అర నిమిషం నొక్కి పెట్టి చూడాలి. మెత్తబడితే వార్నిష్ మిగిలినట్టు. ఈ గిటార్‌లో టాప్ నడిమంతా ఈ పరీక్ష పాసైంది. బ్రిడ్జి రెక్క మూలన, స్క్రేపర్ దూరని సందులో గోరంత మిగిలింది. అడుగు రంగు మొదటి కోటు పడగానే అక్కడ ముడత లేచింది.

తడి మీద ఇంకో కోటు వేసి కప్పేయబోతే ముడత ఇంకా పెరుగుతుంది. పని ఆపి, రాత్రంతా ఆరనిచ్చి, షేవింగ్ బ్లేడు ముక్కతో ఆ మూల పాలీ దాకా గీకి, 600తో అంచులు కలిపి, అక్కడ మాత్రం అడుగు రంగు మళ్లీ కొట్టారు. ముడత అడుగు రంగులోనే బయటపడటం అదృష్టం. గోల్డ్ పడ్డాక అయితే చిన్న చోటు సరిచేయడం కుదరదు, టాప్ మొత్తం మళ్లీ కొట్టాల్సిందే.

ఇంకో శత్రువు సిలికాన్. డాష్‌బోర్డ్ పాలిష్‌తో గిటార్ తుడిచే అలవాటు చాలామందికి ఉంది. దానికి తోడు చేతుల కొబ్బరినూనె. పెయింట్ పడగానే గుండ్రంగా విచ్చుకుని ఫిష్ ఐలు వస్తాయి. గ్రీజ్ రిమూవర్‌తో ఒక గుడ్డ తడిపి తుడవాలి, ఆరకముందే రెండో పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డ అయితే జిడ్డుని టాప్ అంతా పులిమినట్టే. ఇదంతా పేపర్ పట్టకముందే ఒకసారి, పట్టాక మరోసారి. పేపర్ ముందు తుడవకపోతే జిడ్డుని గీతల్లోకి రుద్దినట్టవుతుంది. స్టీల్ ఊల్ వాడొద్దు. దాని ఇనప నలుసులు చెక్క రంధ్రాల్లో చేరితే తర్వాత నల్ల చుక్కలు తేలతాయి.

ఏ గోల్డ్

ఇత్తడి పొడిని పూర్తిగా పక్కన పెట్టారు. దాన్ని నైట్రో లాకర్‌లో కలిపి నిల్వ ఉంచితే డబ్బాలోనే పచ్చబడి చిక్కబడే గుణం కూడా ఉంది. వాడింది కారు రీఫినిష్‌లో దొరికే 1కే (హార్డెనర్ తప్పనిసరి కాని) గోల్డ్ బేస్‌కోట్: మైకా (అభ్రకం) రేకుల మీద టైటానియం, ఐరన్ ఆక్సైడ్ పూత ఉన్న రకం, కాస్త అల్యూమినియంతో. మైకాకి చెమటతో పనిలేదు. అల్యూమినియం చిలుం పట్టదు గానీ మసకబారగలదు, దాన్ని క్లియర్ కాపాడాలి.

మైకా గోల్డ్‌కి ఒక లోపం: కప్పే శక్తి తక్కువ. తెల్లటి స్ప్రూస్ మీద నేరుగా కొడితే ఐదారు కోట్లు పడతాయి, మందం చేయి దాటిపోతుంది. కింద ఇసుక రంగు సాలిడ్ బేస్‌కోట్ ఒకటి పలచగా కొడితే రెండు గోల్డ్ కోట్లతో పని అయిపోతుంది. రెండు బేసుల్లోనూ 5 శాతం హార్డెనర్ (రంగు గట్టిపడేలా చేసే ద్రవం) కలిపారు, పాలీ మీద పట్టు పెరగడానికి. ఇది ఆ బేస్ కంపెనీ షీటులో ఒప్పుకుంటేనే చేయాలి.

గన్ను పని

గోల్డ్ 60 మి.లీ., స్లో థిన్నర్ 60 మి.లీ. టాప్ మీద నిలిచేది ఇందులో పావు వంతు కూడా కాదు, కానీ కప్పు అడుగంటితే గన్ను ఉమ్ముతుంది. 190 మైక్రాన్ల పేపర్ జల్లెడలో వడకట్టాలి. సన్న జల్లెడ పడితే రేకులు అందులోనే ఆగిపోయి రంగు పాలిపోతుంది. రేకులు నిమిషాల్లో అడుగుకి దిగుతాయి, ప్రతి కోటుకీ ముందు కప్పు తిప్పాలి.

స్లో థిన్నర్ ఎందుకంటే మన ఎండ. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిపోతుంది, గాల్లో తేమ ఉండదు. మామూలు థిన్నర్ వేస్తే చుక్క గన్ను నుంచి టాప్ చేరేలోపే ఆరిపోతుంది. గోల్డ్ ఇసుక చల్లినట్టు గరుకుగా, బూడిద ఛాయతో కూర్చుంటుంది. తెల్లవారుజామున, గాలి లేవకముందు పని ముగించుకోవాలి, నేల మీద నీళ్లు చల్లి. ఆషాఢ గాలుల్లో తెరిచిన షెడ్‌లో మెటాలిక్ కొట్టడం కంటే నెల ఆగడం నయం.

ఆ పొడి గాలికి చెక్క కూడా ఎండుతుంది. సాలిడ్ టాప్ పల్లంగా దిగిపోయి ఉన్నప్పుడు ఫినిష్ వేస్తే, వానాకాలంలో చెక్క ఉబ్బి నడి అతుకు గీత పైకి తేలుతుంది. అందుకే పని మొదలయ్యేదాకా గిటార్‌ని కేస్‌లో పెట్టి, సబ్బుడబ్బాకి చిల్లులు చేసి తడి స్పాంజి పెట్టి ఉంచారు. కేస్‌లో తేమ 45, 50 శాతం మధ్య నిలబడ్డాకే పేపర్ పట్టారు.

రంగు పడకూడని చోట్లు కప్పే మాస్కింగ్‌లో సౌండ్‌హోల్ ముఖ్యం. స్పాంజి ముక్క గుండ్రంగా కోసి లోపలికి దూర్చి, మీద టేపు వేయాలి. లేకపోతే గన్ను చిమ్మే రంగు పొగంతా బ్రేసుల మీదే కూర్చుంటుంది. బ్రిడ్జి పిన్ను రంధ్రాల్లో దూది. రోజెట్ మీద వలయంగా కోసిన టేపు. బైండింగ్‌కి టేపు వేయలేదు, దాని సంగతి కింద.

గిటార్‌ని హెడ్‌స్టాక్ దగ్గర కొక్కేనికి నిలువుగా వేలాడదీస్తే గన్ను కప్పు నిటారుగా ఉంటుంది, దుమ్ము తక్కువ వాలుతుంది. 1.3 మి.మీ. నాజిల్, 1.8 బార్, 15 నుంచి 20 సెం.మీ. దూరం, సగం మీద సగం పడేలా. అడుగు రంగు ఒక కోటు, 15 నిమిషాలు. గోల్డ్ మొదటి కోటు, 15 నిమిషాలు. రెండో కోటు. అది ఇంకా పూర్తిగా మసకబారకముందే డ్రాప్ కోటు: ఒత్తిడి 1.2కి దించి, గన్ను 25, 30 సెం.మీ. వెనక్కి పట్టి, అడ్డంగా ఒకసారి మంచులా వదలాలి. రేకులన్నీ ఒకే తీరున పడుకునేది దీంతోనే. ఇది లేకపోతే మబ్బులు మబ్బులుగా చారలు కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద అవి దొరకవు, వాకిట్లో నీడపట్టున పెట్టి పక్క నుంచి చూడాలి.

బ్రిడ్జి చుట్టూ విడిగా చూసుకోవాలి. అది 10 మి.మీ. ఎత్తు గోడ. ఒక పక్క నుంచే కొడితే రెండో పక్క నీడ పడి ముదురు వలయం వస్తుంది. గన్ను చిమ్మే వెడల్పు (ఫ్యాన్) చిన్నది చేసి, రెండు వైపుల నుంచీ ముందే తేలిగ్గా తడిపి, ఆ తర్వాతే పెద్ద చేతులు వేయాలి.

గోల్డ్ మీద పేపర్ పట్టి నేరుగా క్లియర్ కొట్టకూడదు. ఇది రాయి మీద గీత. దుమ్ము నలుసు పడిందని 1000తో తాకినా రేకులు తెగి ఆ చోటు బూడిద మచ్చై, క్లియర్ కింద ఇంకా బాగా కనిపిస్తుంది. నలుసు తడిగా ఉండగానే చిమటాతో తీయాలి, లేదా ఆరాక పేపర్ పట్టి టాప్ అంతా ఇంకో కోటు కొట్టాలి.

గోల్డ్ గంటన్నర ఆరాక బైండింగ్. షేవింగ్ బ్లేడుకి టేపు చుట్టి, బైండింగ్ వెడల్పంత అంచు మాత్రం వదిలి, నిలువుగా పట్టి లాగితే రంగు సన్నటి దారంలా లేచొస్తుంది. టేపు వేసి తీసిన గీత కంటే ఇది పదును. పనయ్యాక గీసిన బైండింగూ గోల్డూ కలిపే క్లియర్ పడాలి, అప్పుడు ఆ అంచు మూసుకుపోతుంది.

క్లియర్, ఆరడం, పాలిష్

2కే పీయూ (హార్డెనర్ కలిపి వాడే పాలీయురేథేన్) క్లియర్ 80 మి.లీ., హార్డెనర్ 40, స్లో థిన్నర్ 10. బేస్ కొట్టిన రోజే క్లియర్ పడాలి. ఒక రోజు దాటితే పొరల మధ్య పట్టు పోయి, తర్వాత పిక్ తగిలిన చోట పెచ్చు లేస్తుంది. మూడు పలచని కోట్లు, మధ్యలో 15 నిమిషాలు, మొత్తం 80 మైక్రాన్ల దాకా. ఎండాకాలంలో ఒకే కోటు దట్టంగా వేస్తే పైన తోలు కట్టి, లోపలి థిన్నర్ సూదిమొన రంధ్రాలు చేసుకుని బయటికొస్తుంది. హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. ముక్కుకి కర్చీఫ్ కడితే దానికేం కాదు. కార్బన్ కార్ట్‌రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు కనీసం ఉండాలి, బయటి నుంచి గాలి అందించే మాస్కు అయితే మేలు. టేపులు క్లియర్ ఇంకా మెత్తగా ఉండగానే తీశారు.

వారం ఆరాక 1500, 2000, 3000 నంబర్ పేపర్లు. పిన్ను రంధ్రాల దగ్గర, సౌండ్‌హోల్ అంచున నీళ్ల పేపర్ వద్దు. కోసిన చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, చుట్టూ ఫినిష్ గడ్డలా లేస్తుంది. అక్కడ పొడి డిస్కులు వాడారు. తర్వాత కాంపౌండ్, ఫోమ్ ప్యాడ్, 1200 ఆర్‌పీఎం లోపు. అంచులకి టేపు వేసి, ప్యాడ్‌ని ఒకచోట నిలబెట్టకుండా.

పని ముందూ పని తర్వాతా ఒకే కంపెనీ, ఒకే గేజి కొత్త తీగలు వేసి రికార్డ్ చేశారు. పాత తీగలు తీసి కొత్తవి వేస్తే ఏ గిటారైనా మెరుగ్గానే మోగుతుంది, ఆ మెప్పు ఫినిష్‌కి పోకూడదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ ఆప్ పెట్టి బ్రిడ్జి మీద వేలితో తట్టి చూస్తే టాప్ స్వరం కొద్దిగా పైకి జరిగింది. బరువు తగ్గితే జరగాల్సింది అదే. చెవికి తెలిసిన తేడా తీగ మోగే నిడివిలోనూ మెత్తగా మీటినప్పుడు పలికే తీరులోనూ ఉంది. గట్టిగా స్ట్రమ్ చేస్తే తేడా తక్కువే.

ఇచ్చేటప్పుడు పిక్‌గార్డ్ లేకుండానే ఇచ్చారు. జిగురుది కాబట్టి క్లియర్ నెల రోజులు ముదిరాకే పారదర్శకమైనది అంటించాలి, అందాకా స్ట్రమ్మింగ్ మెత్తటి పిక్‌తో. వాయించాక ముంజేయి ఆనే అంచుని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి, పాలిష్‌లేవీ వద్దు. హార్డెనర్ కలపని గోల్డ్ బేస్ 30 మి.లీ. చిన్న సీసాలో అంచు దాకా నింపి కేస్‌లో పెట్టారు. అది బైండింగ్ పక్క చిన్న పెచ్చులకి మాత్రమే పనికొస్తుంది. బ్రష్షుతో పెట్టిన చుక్కలో రేకులు అడ్డదిడ్డంగా నిలబడి ముదురుగా కనిపిస్తాయి. టాప్ మధ్యలో మినపగింజంత పెచ్చు లేచినా దానికి సీసా మూత తీయకుండా గిటార్‌ని తీసుకురమ్మన్నారు.